మీ ఊళ్ళో పదకొండు మంది లేరా?

ప్రొద్దుటూరు,
14-8-1955

గుల్జారక్కా,

నీ కొడుకు సంగతి రాయలేదని కోపపడ్డావు. అమీర్ బాగున్నాడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి మా ఇంట్లో భోంచేసి పోయినాడు. మిల్లులో ఫిట్టరు పని బాగా పట్టుబడిందంట. చేతులకు ఎంత నూనె పూసుకున్నా మరక పోవడం లేదని, "చిన్నమ్మా, నీ కుంకుడు రసంతో కడుక్కుంటా" అని అడిగి మరీ తీసుకున్నాడు.

ఈ యేడు డిసెంబరులో పులివెందుల ఫుట్‌బాల్ టోర్నమెంటు మీద మా ఇంటాయన శానా పట్టుదలగా ఉన్నారు. క్లబ్బుకు సెక్రటరీ అయినప్పటి నుంచి ఆ కప్పు ఒక్కసారైనా ప్రొద్దుటూరుకు తేవాలని ఆయన కోరిక. అందుకని ఈసారి బయటి ఊళ్ళ నుంచి ఆటగాళ్ళను పిలిపిస్తున్నారు. బెంగళూరు నుంచి కొందరు, మద్రాసు నుంచి కొందరు. అందులో ఒకాయన సింహళం మనిషంట. వాళ్ళ బస మా వసారాలో, భోజనం నా చేతి మీద. నిన్నంతా నవ్వారు మంచాలు బిగించడం, విస్తళ్ళు కుట్టించడం, దేని తర్వాత ఏది వండాలో అనుకోవడంతోనే సరిపోయింది. మా ఇంట్లో మాంసం వండరని వాళ్ళకు ముందే చెప్పమన్నాను.

అమీర్ గురించి నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు. ఇంకేమీ విశేషాలు లేవు.

నీ ఇందుమతి


జమ్మలమడుగు,
22-8-1955

ఇందూ,

నీ జాబు మా ఆయనకు చదివి వినిపించినా. రేకుపెట్టెకు సుత్తి వేస్తానే విన్నాడు. విని, "ఆటంట, ఆట. ఆట అన్నం పెడతాదా?" అన్నాడు. అది నాకు కొత్త గాదు. కొత్త సంగతి ఇంకొకటి ఉంది, విను.

మద్రాసులో మా మరిది తోళ్ళ మండీలో మనిషి కావాలని రాసినాడు. అమీర్‌ను పంపమన్నాడు. మా ఆయన అప్పుడే సరే అనబోయినాడు. నేను కాళ్ళా వేళ్ళా పడి గడువు తీసుకున్నా. పులివెందుల ఫైనలుకు కర్నూలు నుంచి ఒక పెద్దాయన వస్తాడంట గదా, మన ఆంధ్ర జట్టుకు పిల్లోళ్ళను ఎంచుకోడానికి. ఆయన కండ్లలో మనోడు పడితే సరి. పడకపోతే జనవరిలో మద్రాసు బండి ఎక్కాల్సిందే. ఇది మా ఆయన మాట. అల్లా మీద ఒట్టేసి చెప్పినాడు, ఇంక తిరగడు.

ఇందూ, వాడు ఉప్పు వేసిన తోళ్ళ మధ్య కూర్చుంటే ఊపిరాడక చస్తాడు. మూడేండ్ల పిల్లోడప్పుడు పెన్న ఇసుకలో గుడ్డ ఉండను తన్నుకుంటా తన్నుకుంటా ఆవలి గట్టు దాకా పోయినోడు వాడు. మీ ఇంటాయన సెక్రటరీ కావడం మా అదృష్టం. నువ్వు ఆడ ఉండావు, నాకు ధైర్యం.

గుల్జార్


ప్రొద్దుటూరు,
11-9-1955

గుల్జారక్కా,

ఈ జాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. పోయిన జాబులో బెంగ పెట్టుకోవద్దని రాశాను చూడు, అది రాసేటప్పటికే నాకు తెలుసు, అమీర్ చోటు పోయిందని. నీకు చెప్పేలోపల ఆయన్ను మార్చగలననుకున్నాను. మార్చలేకపోయాను.

జట్టులో ఎనిమిది మంది బయటివాళ్ళు. మన ఊరివాళ్ళు ముగ్గురే, అది కూడా వెనక కాపలాకు. అమీర్ ఆడే సెంటర్ ఫార్వర్డు చోటు సింహళం నుంచి వచ్చిన పెరీరాకు ఇచ్చినారు. అమీర్ గీత బయట కూర్చుని, ఆటగాళ్ళకు నిమ్మకాయ ముక్కలు అందిస్తున్నాడు. ఆ ముక్కలు కోసి పంపేది నేనే.

మొన్న రాత్రి అన్నం పెడుతూ అడిగాను. "ఏమండీ, మిల్లులో పని ఇప్పించి, ఆడిస్తానని చెప్పి పిల్లాణ్ణి తెచ్చినారు. ఇప్పుడు కూర్చోబెడితే ఎట్లా?"

"ఏందే నీ గోల? పోయిన యేడు మనోళ్ళతోనే ఆడిస్తే కర్నూలోళ్ళు ఐదు గోల్సు కొట్టినారు. మార్కెట్టులో నేను తలెత్తుకోని నడిచినానా?"

"ఆడకుండా కూర్చుంటే ఈ యేడు మాత్రం ఎట్లా నేర్చుకుంటారు?"

"చూసి నేర్చుకుంటారు. పెరీరా ఆట చూస్తే శానా నేర్చుకోవచ్చు."

"నేను పెళ్ళయి వచ్చినప్పుడు మీ అమ్మ వండుతుంటే చూస్తూ కూర్చున్నానా? మాడ్చి మాడ్చి నేర్చుకున్నాను. మీరు తిన్నారు."

ఆయనకు నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. "కప్పు ముందు రానీ, పిల్లోళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అని చెయ్యి కడుక్కున్నారు.

దాచినందుకు నన్ను తిట్టు. కానీ అమీర్‌ను తిట్టొద్దు. నీకు చెప్పొద్దని వాడే నన్ను బతిమాలినాడు.

ఇందుమతి


జమ్మలమడుగు,
19-9-1955

శ్రీమతి ఇందుమతమ్మ గారికి,

మీ జాబు అందింది. మా వాణ్ణి పిలిపించుకున్నాము. మిల్లు పని మానేసినాడు. మీరు చేసిన సాయానికి మేము రుణపడి ఉంటాము.

మద్రాసుకు పోయే ఏర్పాట్లు జరుగుతా ఉండాయి.

మీ నిమ్మకాయ ముక్కలు ఇంకెవరన్నా అందిస్తారులెండి.

గుల్జార్‌బీ


ప్రొద్దుటూరు,
9-10-1955

అక్కా,

నువ్వు నన్ను 'గారు' అన్నావు. ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఎన్నిసార్లు కొట్టుకున్నాం, ఏనాడూ ఆ మాట అనలేదు. సరే, పడతాను. జవాబు రాయకపోయినా ఈ జాబు మాత్రం చివరి దాకా చదువు.

పెరీరా గురించి చెప్పాలి. ఆ మనిషిని ద్వేషించాలని నేను శానా ప్రయత్నం చేశాను. కుదరలేదు. తిన్న విస్తరి తానే తీస్తాడు. బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే చేంతాడు అందుకుంటాడు. చిన్నప్పుడు మద్రాసులో మా అక్క దగ్గర రెండేళ్ళు ఉన్నందుకు నాకు వచ్చిన నాలుగు అరవం ముక్కలు, ఆయనకు వచ్చిన అరవం, రెండూ కలిపి మాట్లాడుకుంటాం.

అమీర్ వెళ్ళిపోయిన మరుసటి రోజు, "తంబి ఎక్కడ?" అని అడిగినాడు. ఊరికి పోయినాడన్నాను. "ఎందుకు?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నీ వల్ల. నువ్వు ఆడే చోటు వాడిది" అన్నాను.

పెరీరా చేతిలో చెంబు కింద పెట్టినాడు. తర్వాత చెప్పినాడు. కొలంబోలో ఆయన ఒక టీ కంపెనీ జట్టులో ఆడేవాడంట. కంపెనీ దొరలు తమ దేశం నుంచి ఓడలో ఆటగాళ్ళను తెప్పించుకునేవాళ్ళంట. ఇరవయ్యేళ్ళ వయసులో రెండు సంవత్సరాలు పెరీరా గీత బయటే కూర్చున్నాడంట. వాళ్ళు ఆడుతుంటే బూట్లు తుడిచినాడంట. ఆడ చోటు లేక మద్రాసు వచ్చినాడు. మద్రాసు నుంచి ఇక్కడికి. "నన్ను లేపిన చోటికి నేనెప్పుడూ తిరిగి పోలేదమ్మా. పోయి పోయి ఇంకొకడి చోట్లో కూర్చున్నాను" అన్నాడు.

రెండో విడత మజ్జిగ పోశాను, అంతే.

ఇంకొకటి నీకు తెలుసో లేదో. అమీర్ ఉన్నన్ని రోజులూ తెల్లవారి మిల్లు కూత వేయకముందే మా పెరట్లోకి వచ్చేవాడు. పెరీరా వాడి కుడి కాలికి నా పాత చీర పేలిక కట్టి, ఎడమ కాలితోనే తన్నాలని పట్టుబట్టేవాడు. నా తులసి కోట మూల ఒకటి విరిగింది. పిట్టగోడ మీద రెండు కుండలు పోయినాయి. నేను ఏమీ అనలేదు. ఆ ఎడమ కాలు మద్రాసు మండీలో తోళ్ళు తొక్కుతుందని తలుచుకుంటే ఈ మధ్య నాకు ముద్ద దిగడం లేదు.

బయటివాడు రాకూడదని నేను అనను. నేనూ ఈ ఊరికి బయటి నుంచి వచ్చినదాన్నే. కానీ వచ్చినవాడు నేర్పితే ఒక రకం, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడానికి ఉన్నవాణ్ణి లేపితే ఒక రకం. ఆ లేపింది పెరీరా కాదు, మా ఇంటాయన.

వాణ్ణి మద్రాసు పంపొద్దక్కా.

ఇందు


జమ్మలమడుగు,
2-12-1955

ఇందూ,

ఈ జాబు నీకు అందేసరికి మీరు పులివెందులకు బయలుదేరతా ఉంటారు. అందుకే ఇప్పుడు రాస్తాండా. ముందు రాస్తే మీ ఆయన చెవిన పడుతాదని భయం. నువ్వు ఆయనకు చెప్పవని తెలుసు, కానీ నీ మొహం ఏదీ దాచదు.

అమీర్ మద్రాసు పోలేదు. పోయే ఏర్పాట్లు జరుగుతాండాయని రాసినేది అబద్ధం. కోపంలో అబద్ధం, తర్వాత కావాలని అబద్ధం.

వాడు వచ్చిన రోజు నుంచి పెన్న ఇసుకలో ఆడతాండాడు. ఒక్కడే కాదు. నేత పనోళ్ళ పిల్లోళ్ళు ఏడుగురు, జట్కా తోలే ఇద్దరు, బడి గుమాస్తా సీతాపతి గోలు కాయడానికి. సీతాపతి వాళ్ళ నాయన గుళ్ళో పూజారి. కొడుకు ఇసుకలో పల్టీలు కొడతాంటే గట్టు మీద నిలబడి, "జంధ్యం చిక్కుకుంటాది రా, భద్రం!" అని అరుస్తాడు. మొత్తానికి పదకొండు మంది అయినారు. ఒక్కడు కూడా బయటోడు లేడు, తెచ్చుకునేదానికి మాకు యాడ చేతనవుతాది? జమ్మలమడుగు పేరుతో టోర్నమెంటుకు పేరు కూడా ఇచ్చినారు.

ఇసుకలో బంతి దొర్లదు గదా. ఎత్తి తన్నాల, ఎగిరి తల పెట్టాల. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయిపోతాయి. వాళ్ళకు అదే అలవాటైంది.

మా ఆయన ఒకరోజు చూడ్డానికి పోయినాడు. మరుసటి రోజు అంగడి మూసి మళ్ళా పోయినాడు.

నేను రాలేను. నువ్వు నా కండ్లు. మీ ఆయన పక్కన కూర్చుని మా వాడికి దువా చేయమని అడుగుతాండా, ఇది తప్పయితే క్షమించు. 'గారు' అన్నదానికి కూడా.

గుల్జార్


పులివెందుల,
19-12-1955

గుల్జారక్కా,

వరసగా చెప్తాను. ముందే చివరికి పోవద్దు, కాగితం తిప్పొద్దు.

ఫైనలు మన రెండు ఊళ్ళకే పడింది. మీవాళ్ళు కమలాపురాన్ని, దువ్వూరును ఓడించి వచ్చినారని తెలిసి మా ఇంటాయన మొదట నమ్మలేదు. "జమ్మలమడుగుకు క్లబ్బు యాడుంది?" అన్నారు. తర్వాత అమీర్ పేరు విన్నారు. ఆ పూట ఆటగాళ్ళను ఇంకో గంట ఎక్కువ పరుగెత్తించారు.

శనివారం ఫైనలు. సాయంత్రం ఆట. పొద్దున్నే నన్ను పిలిచి, మధ్యాహ్నం భోజనానికి పూర్ణం పెట్టి ఓళిగలు చేయమన్నారు.

"ఆటకు ముందు ఓళిగలా? ఆట అయినాక పెడదామండీ."

"పులివెందులోళ్ళు చూస్తాండారు. దూరం నుంచి పిలిపించి, ఫైనలు రోజు ప్రొద్దుటూరోళ్ళు చారు మెతుకులు పెట్టినారని చెప్పుకోవాలనా? నేతికి వెనకాడొద్దు."

మన వైపు మర్యాద సంగతి నీకు తెలుసు కదా. వద్దంటే ఇంకొకటి వేయాలి, చాలంటే ఇంకో రెండు. ఆ బెంగళూరు వాళ్ళకు వద్దు అనడం రాదు, మాకు ఆపడం రాదు. ఒక్కొక్కరూ ఐదేసి, ఆరేసి తిన్నారు. పెరీరా ఒక్కడే రెండుతో చెయ్యి అడ్డం పెట్టినాడు.

ఆడవాళ్ళం ఎద్దుల బండ్లు విప్పి వాటి మీద కూర్చున్నాం. నేను ప్రొద్దుటూరు వాళ్ళ బండి మీద. మావాళ్ళు బూట్లతో దిగినారు. మీవాళ్ళు పాదాలకు గుడ్డ చుట్టుకుని దిగినారు. జనం నవ్వినారు. కాసేపే. మావాళ్ళు పరుగెత్తలేక నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నారు. అమీర్ తలతో కొట్టి గోలు వేశాడు. ఆట ముగియబోయే ముందు పెరీరా ఒకటి వేసి సమం చేశాడు. మళ్ళీ మరుసటి రోజు ఆడాలని రెఫరీ చెప్పినాడు.

రాత్రి మా ఇంటాయన మండిపడ్డారు. "అమీర్ కాదే గోలు కొట్టింది, నీ ఓళిగలు కొట్టినాయి!"

"చేయమన్నది మీరు."

"నువ్వు వద్దన్నేది గట్టిగా అనింటే సరిపోయేది కదా?"

సరేనని ఆదివారం నేను గట్టిగా ఉన్నాను. మధ్యాహ్నం రాగి అంబలి, పలుచటి మజ్జిగ. అంతకుమించి ఎవరు అడిగినా గరిటె ఎత్తలేదు. బెంగళూరు ఆయన ఒకడు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఓళిగ?" అని అడిగినాడు పాపం. రాత్రికి అని చెప్పి పంపించినాను. ఈసారి ఓడితే నా వంట మీద వేయడానికి వీల్లేదు.

ఆదివారం ఆట వేరు. మావాళ్ళు గుర్రాల మాదిరి పరుగెత్తినారు. మొదటి గోలు పెరీరాది. మా బండి మీద అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టాను, ఆ మనిషి ఆట అట్లాంటిది. తర్వాత సీతాపతి రెండు గోల్సు ఆపినాడు, రెండోది మొహంతో. ముక్కు నుంచి రక్తం కారుతుంటే తుడుచుకుని, "ఏం గాలా, ఆడండప్పా!" అని అరిచినాడు. ఆ అరుపుతో మీవాళ్ళకు ఏమైందో ఏమో, నేత పిల్లోళ్ళలో ఒకడు ఎత్తి తన్నిన బంతిని జట్కా పిల్లోడు ఎగిరి తలతో లోపలికి వేసినాడు. సమం.

ఇంక కాసేపే ఉంది. అమీర్‌కు బంతి దొరికింది. ఎదురుగా ఇద్దరు బెంగళూరు వాళ్ళు. వాళ్ళిద్దరూ వాడి కుడి కాలికే అడ్డం పోయినారు. అందరికీ తెలిసింది ఆ కాలే కదా. నేను బండి మీద లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. "ఎడమ కాలు!" అని అరిచినాను. అక్కా, ప్రొద్దుటూరు సెక్రటరీ పెళ్ళాన్ని, ప్రొద్దుటూరు బండి మీద నిలబడి.

వాడు ఎడమ కాలితో తన్నినాడు. వల మూల చిరిగింది.

ఇంక కాగితం తిప్పు. మీవాళ్ళు గెలిచినారు! జమ్మలమడుగు గెలిచింది! జనం మైదానంలోకి దూకినారు. మీ ఆయన యాడ నుంచి వచ్చినాడో, మూడు రోజుల నుంచి పులివెందులలోనే ఉన్నాడంట, ఎవరికీ చెప్పకుండా. తలపాగా ఊడిపోయి, దాన్నే జెండా మాదిరి ఊపుకుంటా పరుగెత్తినాడు. అందరికంటే ముందు అమీర్‌ను ఎత్తుకున్నది మాత్రం ఆయన కాదు. పెరీరా. భుజాల మీద ఎక్కించుకుని, వాడి ఎడమ కాలు పట్టుకుని జనానికి చూపించినాడు.

తర్వాత కర్నూలు పెద్దాయన మా ఇంటాయన దగ్గరికి వచ్చి, "అప్పా, మీ జట్టు ఆట బాగుంది. నేను ఆంధ్ర జట్టుకు మనుషులను ఎంచడానికి వచ్చినా. మీవాళ్ళలో మన రాష్ట్రం వాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. కింద కూర్చున్న పదకొండు మందిలో ముగ్గురు లేచినారు. రెండు రోజుల ఆటలో ఆ ముగ్గురి దగ్గరికి బంతి వచ్చిందే తక్కువ. పెద్దాయన వాళ్ళను చూసి, మీవాళ్ళ వైపు తిరిగినాడు. వాళ్ళు పదకొండు మందీ నిలబడే ఉన్నారు. ఇంకా ఎవరూ కూర్చోలేదు.

అమీర్, సీతాపతి. రెండు పేర్లు చదివినాడు. జనవరిలో కర్నూలుకు రమ్మన్నాడు. మీ ఆయన నాతో, "అమ్మా, మా తమ్ముడికి జాబు రాయాల, తోళ్ళ మండీకి వేరే మనిషిని చూసుకోమని" అన్నాడు. ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు, నేను విన్నాను.

నీ కండ్లుగా వచ్చినదాన్ని, నోరు కూడా నీదే అయిపోయింది. ఇంటికి పోతే ఏముందో చూడాలి.

నీ ఇందు


ప్రొద్దుటూరు,
27-12-1955

అలీ అహ్మద్ సాహెబు గారికి,

వీరభద్రయ్య వ్రాయునది. తమ కుమారుడు చిరంజీవి అమీర్ ఆట చూసి మా క్లబ్బు సభ్యులందరూ మిక్కిలి సంతోషించినారు. అతని విషయంలో నేను చేసినది పొరపాటు. వచ్చే యేడు అతణ్ణి మా క్లబ్బుకు కెప్టెనుగా పెట్టుకోదలచినాము. కుర్రవాడు సీతాపతిని కూడా పంపగలిగితే, ఇద్దరికీ మిల్లులో పని ఇప్పించే పూచీ నాది. మీ అంగీకారం తెలుపగలరు.

ఇట్లు
వీరభద్రయ్య


జమ్మలమడుగు,
5-1-1956

ఇందూ,

నీ పులివెందుల జాబు ఎన్నిసార్లు చదివించుకున్నారో లెక్క లేదు. నేత వీధిలో చదివినా, జట్కా స్టాండులో సీతాపతి చదివినాడు, గుడి ముందర వాళ్ళ నాయన చదివినాడు. నువ్వు బండి మీద నిలబడి అరిచిన చోట మాత్రం అందరూ మళ్ళా చదవమంటారు. కప్పు మా రేకుపెట్టెల అంగట్లో పెట్టినాం. పెట్టె కొనను వచ్చినోళ్ళు కప్పు చూసి పోతాండారు, పెట్టె మర్చిపోతాండారు. మా ఆయన ఏమీ అనడు. పిల్లోళ్ళిద్దరూ ఎల్లుండి కర్నూలుకు పోతాండారు.

మీ ఆయన జాబు వచ్చింది. మా ఆయన నన్నే జవాబు రాయమన్నాడు. ఆయనకు నేరుగా రాస్తే బాగుండదు, నువ్వే చదివి వినిపించు:

వీరభద్రన్నా, మీరు తప్పు ఒప్పుకున్నారు, మీది పెద్ద మనసు. మీమీద మాకు ఇంక కోపం లేదు. కానీ పిల్లోళ్ళను పంపము. అమీర్ మీ ఊరికి బయటోడే గదా? వాడు వచ్చి ఆడితే, ఈసారి మీ ఊళ్ళో ఇంకెవరి కొడుకు గీత బయట కూర్చుని నిమ్మకాయ ముక్కలు అందియ్యాల? వాళ్ళమ్మ నా మాదిరే ఏడుస్తాది. మీ ఊళ్ళో పదకొండు మంది లేరా? ఉండారు, చూడండి. నేర్పేదానికి పెరీరాను పెట్టుకోండి, ఆడేదానికి మీ పిల్లోళ్ళను పెట్టుకోండి. వచ్చే డిసెంబరులో మళ్ళా పులివెందులలో చూసుకుందాం.

ఇది చదివేటప్పుడు ఆయన మొహం ఎట్లుందో నాకు రాయి.

గుల్జార్


ప్రొద్దుటూరు,
22-1-1956

అక్కా,

చదివి వినిపించాను. ఆయన విని, చొక్కా తగిలించుకుని బయటికి పోయినారు. కోపం వచ్చిందనుకున్నాను. చీకటి పడ్డాక వచ్చి, "మిల్లులో, మున్సిపల్ బళ్ళో, కూరగాయల మార్కెట్టులో తిరిగినా. పదకొండు మంది కాదే, ఇరవై మంది ఉండారు" అన్నారు. తామే కనిపెట్టినట్టు!

బెంగళూరు వాళ్ళు వెళ్ళిపోయినారు. పెరీరా ఉన్నాడు. ఆడడు. నేర్పుతాడు. రోజూ పొద్దున మా పెరట్లోనే మొదలు, ఎందుకంటే ఆయనకు ఆ గోడ అలవాటు. తులసి కోట వంటింటి వైపు మార్పించాను. కుండలు గోడ మీద పెట్టడం మానేశాను. పాత చీరలు అన్నీ పేలికలైపోతున్నాయి. ఈ వారంలో ఐదుగురికి ఎడమ కాలు వచ్చింది.

నిన్న మా పిల్లోళ్ళు మైదుకూరు మీద ఆడినారు. మూడు గోల్సు తేడాతో ఓడిపోయినారు. మా ఇంటాయన తల వంచుకునే వస్తారనుకుని భోజనం ముందే వడ్డించి ఉంచాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఏమే, ఓళిగలు చెయ్యి" అన్నారు.

"ఓడిపోయి వచ్చి ఓళిగలా?"

"మన పదకొండు మందీ ఆడినారు. అందరూ వస్తాండారు. నేతికి వెనకాడొద్దు."

చేశాను, అక్కా. ఆట అయినాక.

నీ ఇందు